పదో తరగతి ఇంగ్లీషు: ఒక పేపరా, నాలుగు సబ్జెక్టులా?

పదో తరగతిలో పిల్లల్ని ముంచే సబ్జెక్టు ఏదని గోదావరి జిల్లాల్లో ఎవరిని అడిగినా "ఇంగ్లీషేనండి, ఇంకేముంది" అంటారు. ఫలితాల పట్టిక మాత్రం ఆ మాట ఒప్పుకోదు. కరోనా వల్ల 2020లోనూ 2021లోనూ పరీక్షలు రద్దయ్యాక, 2022లో మళ్లీ పెట్టారు. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం ఉత్తీర్ణత 67.26 శాతానికి పడిపోయింది. అప్పుడు కూడా ఇంగ్లీషులో నూటికి 97 మందికి పైగా గట్టెక్కారు. లెక్కలు, సైన్సు, సోషల్ దగ్గర మాత్రం నూటికి ఇరవై మంది దాకా ఆగిపోయారు.

మరి పిల్లలకు ఇంగ్లీషు వచ్చినట్టేనా? వచ్చిందని ఏ టీచరూ అనడు. నూటికి 35 తెచ్చుకోవడం ఒక విద్య, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం మరో విద్య. మొదటి దాన్ని మన బళ్లూ ట్యూషన్లూ చాలా శ్రద్ధగా నేర్పుతున్నాయి. ఇన్నాళ్లూ దానితో పని జరిగిపోయింది కూడా. 2025 నుంచి జరగడం లేదు.

ఎందుకంటే 2025 మార్చి పరీక్షలకు నమోదైన సుమారు 6.19 లక్షల మందిలో 5.64 లక్షల మంది ఇంగ్లీషు మీడియం వాళ్లు. తెలుగులో రాసినవాళ్లు యాభై వేల పైచిలుకు. ఆ బ్యాచ్‌తోనే పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. ఆరు సబ్జెక్టుల్లో తెలుగు, హిందీ పక్కన పెడితే మిగిలిన నాలుగూ, అంటే ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్, ఇంగ్లీషులోనే చదివి ఇంగ్లీషులోనే రాయాలి. ఇంగ్లీషు పేపరులో 60 మార్కులు తెచ్చుకున్న పిల్ల సోషల్‌లో ప్రశ్న ఏమడుగుతోందో తెలియక తెల్ల కాగితం వదిలేసి వస్తే, ఆ తప్పు సోషల్ ఖాతాలో పడుతోంది. అసలు లోటు వేరే చోట ఉంది. పదో తరగతి ఇంగ్లీషు తయారీ గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి ముందు పెట్టుకోవాలి. గోదావరి డెల్టాలో ఇప్పుడు జరుగుతున్న తయారీ దాదాపు అంతా ఆ ఒక్క పేపరు కోసమే జరుగుతోంది.

ఆ పేపరు సంగతి చూద్దాం. వంద మార్కులు, మూడు గంటల పదిహేను నిమిషాలు. ఉదయం 9.30కు మొదలై 12.45కు ముగుస్తుంది. ముందు ఇచ్చే పదిహేను నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికి. చదివి జవాబులు రాసే భాగానికి 30 మార్కులు, పదజాలానికీ వ్యాకరణానికీ 40, సొంతంగా రాసేదానికి 30. ఒకప్పుడు బిట్ పేపరు విడిగా ఉండేది, ఇంటర్నల్స్‌కు 20 మార్కులు ఉండేవి. ఆ ఇరవై దాదాపు అందరికీ దండిగా పడేవి. 2019లో ప్రభుత్వం రెండూ తీసేసింది. దానితో వంద మార్కులూ పరీక్ష హాల్లో కలం పట్టి సంపాదించాల్సినవే అయ్యాయి. ఇది మంచి మార్పేనని నా నమ్మకం. పేపరు కూడా చెడ్డది కాదు. తెలియని పేరా ఇచ్చి చదవమంటుంది, డైరీ రాయమంటుంది, ఉత్తరం రాయమంటుంది, పట్టికలో అంకెలు చూసి నాలుగు వాక్యాలు చెప్పమంటుంది. ఇవన్నీ బతుకులో పనికొచ్చేవే.

తయారీ మాత్రం పేపరు స్వభావానికి ఎదురు నడుస్తోంది. సర్కారు బళ్లలో డిసెంబరు వస్తే వంద రోజుల కార్యాచరణ ప్రణాళిక మొదలవుతుంది. పొద్దున్న స్టడీ అవర్, సాయంత్రం స్పెషల్ క్లాసు, రోజుకో స్లిప్ టెస్టు, ఆపైన గ్రాండ్ టెస్టు, ప్రీఫైనల్. వెనకబడిన పిల్లల్ని టీచర్లకు దత్తత ఇస్తారు. మధ్యలో సంక్రాంతి వస్తుంది. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి మూడు రోజులతో పోయేది కాదు, పిల్లలు వారం తరవాత గానీ కుదురుగా కూర్చోరు. మార్చి రెండో వారానికి ప్రణాళిక అయిపోతుంది. ఈ వంద రోజుల్లో టీచర్లు పడే శ్రమ చూసినవాళ్లెవరూ వాళ్లను ఒక్క మాట అనలేరు. కానీ ఆ శ్రమ ఎక్కువ భాగం దేనికి పోతోంది? తప్పకుండా వచ్చే ప్రశ్నలు ఏరి, జవాబులు చిన్నవి చేసి, వాటిని బట్టీ పట్టించడానికి.

ప్రైవేటు బళ్లలో ఇదే పని ముందు మొదలవుతుంది. తొమ్మిదో తరగతి సగంలోనే పదో తరగతి పుస్తకం తెరుస్తారు. డిసెంబరుకల్లా సిలబస్ పూర్తి, తరవాతంతా మోడల్ పేపర్లే. 2025లో కాకినాడలో చదివే ఒకమ్మాయి 600కు 600 తెచ్చుకుంది. అంటే ఇంగ్లీషులోనూ నూటికి నూరు. ఆ పిల్ల కష్టం గొప్పది, దాన్ని తక్కువ చేయకూడదు. అయితే ఆ ఒక్క ఫలితాన్ని ఫ్లెక్సీ కట్టి, అదే దారిలో నడిస్తే అందరి పిల్లలూ అక్కడికే చేరతారని తల్లిదండ్రులకు చెప్పడం న్యాయం కాదు.

ఇక గైడు. పాలకొల్లు బస్టాండు దగ్గరి పుస్తకాల కొట్టుకు వెళ్లినా, అమలాపురంలో చూసినా, జూన్‌లో పాఠ్యపుస్తకం కంటే ముందు అమ్ముడుపోయేది గైడే. నిజం చెప్పాలంటే గైడులో మోసం లేదు. అర్థాలు ఉంటాయి, వ్యాకరణం ఉంటుంది, పాత పేపర్లు ఉంటాయి. దాన్ని వాడే తీరుతోనే పేచీ. పిల్లవాడు పాఠం చదవకుండా పాఠం కింది జవాబు చదువుతాడు. "తుపాను బాధితులకు సాయం కోరుతూ కలెక్టరుకు లేఖ" అని గైడులో ఉన్న ఉత్తరాన్ని అక్షరం పొల్లు పోకుండా నేర్చుకుంటాడు. పరీక్షలో తుపానుకు బదులు దోమల బెడద వస్తే, మున్సిపల్ కమిషనరుకు తుపాను ఉత్తరమే రాసి వస్తాడు. స్పాట్ వాల్యుయేషన్‌లో ఇలాంటి పత్రాలు కట్టలు కట్టలుగా కనిపిస్తాయని దిద్దే టీచర్లు చెబుతారు. ఈనాడు 'ప్రతిభ', సాక్షి 'భవిత' పేజీల్లో వచ్చే మెటీరియల్ కొంత నయం, ఎలా ఆలోచించి రాయాలో అప్పుడప్పుడూ చెబుతారు. యూట్యూబు వీడియోల్లో మంచి టీచర్లు ఉన్నారు గానీ, మార్చిలో ఎక్కువగా చూసేది "ఈ పది నేర్చుకుంటే చాలు" అనే వీడియోనే.

వ్యాకరణం దగ్గర కాస్త ఆగాలి. నలభై మార్కుల భాగం ఇదే కాబట్టి అందరూ ఇక్కడే సూత్రాలు పట్టిస్తారు, పిల్లలు ఎక్కువగా తప్పేదీ ఇక్కడే. ఒక్క ఉదాహరణ చూడండి. వాక్యంలో గీత గీసిన మాట జవాబుగా వచ్చేట్టు ప్రశ్న తయారుచేయమంటారు. కోనసీమ పిల్లకు తెలిసిన వాక్యమే తీసుకుందాం: "మై ఫాదర్ సోల్డ్ ద కోకోనట్స్ ఎట్ అంబాజీపేట లాస్ట్ మండే." ఊరి మాట కింద గీత ఉంటే పిల్ల రాసేది, "వేర్ యువర్ ఫాదర్ సోల్డ్ ద కోకోనట్స్ లాస్ట్ మండే?" దీనికి సున్నా. ఆ పిల్లకు తెలివి తక్కువై అలా రాయలేదు. తెలుగులో "మా నాన్న పోయిన సోమవారం అంబాజీపేటలో కొబ్బరికాయలు అమ్మాడు" అన్న వాక్యాన్ని ప్రశ్న చేయాలంటే "అంబాజీపేటలో" అన్న చోట "ఎక్కడ" అని పెడితే అయిపోయింది. "అమ్మాడు" కదలదు. ఇంగ్లీషులో అలా కుదరదు. "డిడ్" అని ఒక మాట బయటి నుంచి వచ్చి, భూతకాలాన్ని తన మీద వేసుకుని, "సోల్డ్"ను "సెల్"గా మార్చేస్తుంది. మన భాషలో ఆ డిడ్‌కు జోడీ లేదు. పిల్లకు ఇది చెప్పాలి. చెప్పకుండా "ప్రశ్నలో డిడ్ పెట్టాలి" అని సూత్రం మాత్రం ఇస్తే, ఈసారి నాన్న కింద గీత గీసినప్పుడు "హూ డిడ్ సోల్డ్" అని రాస్తుంది. అక్కడ డిడ్ అక్కర్లేదు, "హూ సోల్డ్" చాలు. సూత్రం నేర్చుకున్నందుకే మార్కు పోయింది!

ఇదే వాక్యం నుంచి ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అని నాలుగు ప్రశ్నలు వస్తాయి. నాలుగూ పిల్ల చేత నోటితో అడిగించి, పక్క పిల్ల చేత జవాబు చెప్పించి, తరవాత రాయిస్తే, వారం రోజుల్లో ఈ తప్పు పోతుంది. ఇందుకు ఖర్చు లేదు, సుద్దముక్క చాలు. వాయిస్ మార్చడం, రిపోర్టెడ్ స్పీచ్, ఆర్టికల్స్ అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. తెలుగు ఎక్కడ ఒకలా నడుస్తుందో, ఇంగ్లీషు ఎక్కడ దారి మారుతుందో చూపించగలిగిన టీచరు దొరికిన పిల్లలు అదృష్టవంతులు. ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట వినిపించకూడదని పట్టుబట్టే బళ్లు ఈ మేలును చేతులారా పోగొట్టుకుంటున్నాయి.

పాఠాల సంగతికి వద్దాం. 'అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లిష్' అనే పాత పుస్తకంలో మాయాబజార్ సినిమా మీద పాఠం ఉండేది, పి. సత్యవతి కథ ఇంగ్లీషు అనువాదంలో ఉండేది. చదివేది ఇంగ్లీషైనా పిల్లలకు లోపలి మనుషులు తెలిసినవాళ్లు. ఇప్పటి 'ఫస్ట్ ఫ్లైట్', 'ఫుట్‌ప్రింట్స్ వితౌట్ ఫీట్' పుస్తకాల్లో నెల్సన్ మండేలా, ఆన్ ఫ్రాంక్, చెకోవ్ నాటకం, గోవా రొట్టెలు, కూర్గు కొండలు ఉన్నాయి. మంచి పాఠాలే. కానీ మన ఊళ్ల వాసన తగ్గింది, అది నష్టమే. ఆ దూరాన్ని టీచరు పూడ్చాలి, పూడ్చడానికి దారీ ఉంది.

మొదటి పాఠమే చూడండి. మెక్సికో రచయిత రాసిన 'ఎ లెటర్ టు గాడ్'. లెంచో అనే రైతు వాన కోసం ఎదురుచూస్తాడు. వాన వస్తుంది, వెంటనే వడగళ్లై చేనంతా నేలమట్టం చేస్తుంది. అతను దేవుడికి వంద పెసోలు పంపమని ఉత్తరం రాస్తాడు. పోస్టాఫీసువాళ్లు జాలిపడి డెబ్బై పోగుచేసి పంపితే, మిగతా ముప్పై వాళ్లే కాజేశారనుకుని మళ్లీ ఉత్తరం రాస్తాడు. 1996 నవంబరు తుపాను కోనసీమను ఎలా ఊడ్చేసిందో ప్రతి ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకోవడం, కళ్లాల్లో ధాన్యం తడిసి మొలకలెత్తడం ఇప్పుడు పదో తరగతిలో ఉన్న పిల్లలు కళ్లారా చూశారు. లెంచో బాధ వాళ్లకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. ఆ పాఠం అయ్యాక "మీ నాన్న తరఫున మీరు వ్యవసాయాధికారికి ఉత్తరం రాయండి, ఎన్ని ఎకరాలు పడిపోయిందో, ఎంత పెట్టుబడి పోయిందో చెప్పండి" అంటే, గైడు అక్కర్లేకుండా ఎనిమిది వాక్యాలు రాయగలరు. తప్పులు ఉంటాయి. ఆ తప్పులు దిద్దడమే అసలు పాఠం. అలా సొంతంగా రాసిన ఉత్తరం ఒకటి ఉంటే, పరీక్షలో విషయం మారినా చెయ్యి ఆగదు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, మన గడ్డ మీదే మొదలైంది. ధవళేశ్వరంలో ఇంగ్లీషు బడికి ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన కందుకూరి వీరేశలింగం, గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల చదివి, దాని ప్రేరణతో 1878 ప్రాంతంలో 'రాజశేఖర చరిత్రము' రాశారు. కథ మొదలైంది ధవళేశ్వరంలో, ఆ వీధుల్లో, ఆ మనుషుల మధ్య. చదివింది పరాయి ఊరి కథ, రాసింది మన ఊరి కథ. ఆయన రాసింది తెలుగులో, మన పిల్లలు రాయాల్సింది ఇంగ్లీషులో. చదివినదాన్ని తన ఊరికి తెచ్చుకోవడం రెండు చోట్లా ఒకటే. చదువు కోసం ఈ నేల పడ్డ తపన ఇంకా పాతది. 1850లలో సబ్ కలెక్టరు టేలరు నరసాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లో బళ్లు పెట్టించినప్పుడు, చుట్టుపక్కల ఊళ్ల రైతులు శిస్తు మీద అదనంగా చెల్లించి మరీ బళ్లు నిలబెట్టారు. నరసాపురంలో టేలర్ హైస్కూలు ఇప్పటికీ ఉంది. రాజమండ్రిలో 1853లో పెట్టిన జిల్లా బడి 1873లో కళాశాల అయింది, ఈనాటి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ అదే. డెల్టాలో తల్లిదండ్రులు చదువుకు వెనకాడిన రోజు లేదు. వాళ్ల డబ్బు, ఆశ దేని మీద ఖర్చవుతున్నాయన్నదే ఆలోచించాల్సింది.

ఆ ఇళ్ల పరిస్థితి కూడా ఒకేలా లేదు. భీమవరం వైపు చెరువుల మీద రాత్రి కాపలా కాసే తండ్రి పగలు నిద్రపోతాడు, తల్లి తెల్లవారకముందే రొయ్యల షెడ్డుకు వెళ్తుంది. రాజోలు, మలికిపురం ప్రాంతంలో తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటే పిల్లను అమ్మమ్మ పెంచుతుంది. పరీక్షల మార్చిలో దాళ్వా చేలకు నీటి వంతులు, ఆపైన కోతలు. ఈ ఇళ్లలో "మీ అబ్బాయి చేత ఇంగ్లీషు చదివించండి" అని పేరెంట్స్ మీటింగులో చెప్పి ఊరుకుంటే ఏం లాభం? ఆ పిల్లలకు బడిలో జరిగిందే చదువు. అయితే ఇంగ్లీషు రాని అమ్మమ్మ కూడా చేయగలిగిన పని ఒకటుంది. పిల్ల చేత రోజూ పావుగంట పైకి చదివించుకోవడం, చదివింది ఏమిటో తెలుగులో చెప్పమనడం. చెప్పలేకపోతే అర్థం కాలేదని అమ్మమ్మకు తెలిసిపోతుంది. గల్ఫ్‌లో ఉన్న తల్లి వీడియో కాల్‌లో కూడా ఇది చేయొచ్చు.

ప్రభుత్వాల ప్రయత్నాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2019లో ఇంగ్లీషు మీడియం జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది, అయినా మీడియం మారింది. ట్యాబులు ఇచ్చారు, 2023లో టోఫెల్ ఇంగ్లీషు పరీక్ష తెచ్చారు, ప్రభుత్వం మారాక 2024లో తీసేశారు. వీటన్నిటిలోకీ నిజంగా పనికొచ్చింది ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకం. సైన్సు, సోషల్ పాఠాలను రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చదివిన పిల్లకు నాలుగు సబ్జెక్టుల ఇంగ్లీషు చేతికి వస్తుంది. చాలా బళ్లలో జరుగుతున్నది అది కాదు. పాఠం తెలుగులో చెబుతారు, జవాబు ఇంగ్లీషులో డిక్టేషన్ ఇస్తారు, ఆ రెంటికీ మధ్య వంతెన కట్టే బాధ్యత పిల్ల నెత్తిన పడుతుంది. ఇంగ్లీషు టీచరు, సోషల్ టీచరు వారానికి ఒకసారి కూర్చుని, వచ్చే వారం పాఠంలో పిల్లలకు తగిలే ఇరవై మాటలు ఏవో అనుకుంటే చాలు. "ఎక్స్‌ప్లెయిన్", "కంపేర్", "జస్టిఫై" అంటే ఏం రాయాలో ఒక్కసారి ఉదాహరణలతో నేర్పితే, అది అన్ని పేపర్లకూ పనికొస్తుంది.

దిద్దే వైపు లోపాలూ ఉన్నాయి. 2025 ఫలితాల తరవాత రీవెరిఫికేషన్‌లో వేల జవాబుపత్రాలకు మార్కులు మారాయి. దిద్దుబాటు హడావుడిలో సొంతంగా రాసిన వాక్యం కంటే అచ్చు గైడు వాక్యానికి మార్కు తేలిగ్గా పడుతుందన్న అనుమానం పిల్లల్లో, టీచర్లలో బలంగా ఉంది. ఆ అనుమానం ఉన్నంతకాలం బట్టీ పోదు. చిన్న చిన్న తప్పులున్నా సొంత వాక్యానికి మార్కు ఇవ్వాలని స్పాట్ కేంద్రాల్లో గట్టిగా చెప్పాలి, అలా ఇచ్చిన నమూనా పత్రాలను బళ్లకు పంపాలి.

ఈ ఏడాది పరీక్ష రాసే పిల్లలకు ఇక మిగిలింది కొద్ది వారాలే అనుకోండి. వాళ్లకు నేను చెప్పేది ఇది. గైడు మూసి పాఠం చదవండి. ఉత్తరం, డైరీ, సంభాషణ, జీవిత పరిచయం, వీటిలో ఒక్కొక్కటి మీ ఊరి విషయం మీద చూడకుండా రాసి టీచరు చేత దిద్దించుకోండి, దిద్దినదాన్ని మళ్లీ రాయండి. పాత పేపర్లు గడియారం పెట్టుకుని చేయండి, ఎందుకంటే చివరి భాగం 30 మార్కులు సమయం చాలకే ఎక్కువగా పోతున్నాయి. హాల్లో ఇచ్చే పదిహేను నిమిషాలు పెన్ను ముట్టకుండా పేపరు చదవండి. గట్టెక్కడానికి ఇది చాలు.

కానీ పదో తరగతి డిసెంబరులో మొదలుపెట్టి ఇంగ్లీషు నేర్పడం ఎవరి వల్లా కాదు. డెల్టా హైస్కూళ్ల హెడ్మాస్టర్లకు, ట్యూషన్లకు డబ్బు కట్టే తల్లిదండ్రులకు ఒక మనవి. వచ్చే జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ఆరో తరగతి నుంచి ప్రతి పిల్ల చేత రోజుకు ఐదు సొంత ఇంగ్లీషు వాక్యాలు రాయించండి. చేను మీద, చెరువు మీద, అమ్మమ్మ మీద, ఏటి మీద, ఏదైనా సరే. దిద్దండి, పైకి చదివించండి. నాలుగేళ్లు అలా చేసిన పిల్లలకు వంద రోజుల ప్రణాళికతో పనుండదు.